దక్షిణ ధ్రువం గురించి ఒక పుకారు

ధ్రువ పరిశోధన సంస్థలో ఆమెను అందరూ మంచుగడ్డమ్మ అనేవాళ్ళు. దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆమె చదువూ ఉద్యోగమూ మంచు గురించే. ఎన్నో వేల ఏళ్ళనాడు కురిసి, గడ్డకట్టి, ఆనాటి గాలిని బుడగలుగా కడుపులో దాచుకున్న మంచును కడ్డీల్లా తవ్వి తీసి, ఆ గాలి ఏం చెబుతుందో వినడం ఆమె పని. రెండోది ఆమె ముఖం. నవ్వొచ్చినా, కోపమొచ్చినా, అబద్ధమాడినా ఆ ముఖం కరిగేది కాదు. మొదటి కారణం సంస్థలో అందరికీ తెలుసు. రెండోదాని లోతు మాత్రం ఇంట్లో అత్తగారికి ఒక్కదానికే తెలుసు.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి, రాబోయే పదేళ్ళకు దేశం మొత్తం ధ్రువాల దగ్గర ఏమేం పరిశోధన చెయ్యాలో ప్రణాళిక రాసే సంఘానికి కార్యదర్శిని చేశారు. ఆమె కాక సంఘంలో నలుగురున్నారు. సముద్రపు లోతులూ ప్రవాహాలూ చూసే ఆయన ఒకరు; ఆయన్ను సముద్రాయన అనేవారు. ఖండం కింద ఏ రాయి ఉందో తేల్చే రాళ్ళాయన ఒకరు. పెంగ్విన్ల సంసారాలు చూసే పక్షులావిడ ఒకరు. వీళ్ళ ముగ్గురి మధ్యా అధ్యక్షుడు. ఆయన వయసులో పెద్ద, మనసులో మెత్తన. ఎవరేమన్నా కాదనడు, ఔననడు, "చూద్దాం" అంటాడు. దాంతో ఆయనకు చూద్దాంగారని పేరు పడిపోయింది.

పేచీ అంతా రెండిటి దగ్గరే వచ్చింది. ఓడ ఒక్కటే, కట్టబోయే స్థావరమూ ఒక్కటే. ఓడ ఏడాదికొక్కసారి, అక్కడి ఎండాకాలంలో దారి తెరుచుకున్నప్పుడు వెళ్ళి, దారి మూసుకోకముందే తిరిగి రావాలి. అందులో ఎవరి సామాను ముందు ఎక్కాలి, స్థావరం ఎవరికి దగ్గరగా ఉండాలి అన్నది తేలితే మిగిలిన ప్రణాళిక చిటికెలో పని. ఆ తేలడమే ఐదు నెలలుగా జరగడం లేదు.

సమావేశం గదిలో బల్ల పొడవునా దక్షిణ ఖండం పటం పరిచి ఉండేది. మొదట్లో ఎవరికి కావలసిన చోట వాళ్ళు పెన్సిలుతో గుర్తు పెట్టేవారు. ఒకరి గుర్తును ఇంకొకరు రబ్బరుతో చెరపడం మొదలయ్యాక, గుర్తులు మానేసి టీ కప్పులు పెట్టడం అలవాటైంది. కప్పును చెరపలేరు కదా. కానీ జరపగలరు. రాళ్ళాయన ఫోను మాట్లాడడానికి వరండాలోకి వెళ్ళి వచ్చేసరికి ఆయన కప్పు నడిసముద్రంలో ఉండేది.

"రాయి లేని చోట పునాది ఎలా వేస్తారండీ? నీళ్ళ మీద వేస్తారా?" అనేవాడు రాళ్ళాయన, కప్పును మళ్ళీ ఒడ్డుకు చేరుస్తూ.

"రాయి ఉన్న చోటే పక్షులు గూడు పెట్టుకుంటాయి. మీరొచ్చి పునాదులు తవ్వితే అవి ఎక్కడికి పోవాలి? మీ ఇంటికి రమ్మంటారా?" అనేది పక్షులావిడ.

"ముందు ఓడ ఆగాలి కదమ్మా. లోతు లేని తీరంలో ఓడ నిలిపితే, మనమూ మన సామానూ కలిసి ఈదుకుంటూ ఇంటికి రావాలి," అనేవాడు సముద్రాయన.

కార్యదర్శి కదా, మంచుగడ్డమ్మ నలుగురికీ సర్దిచెప్పవలసిన మనిషే. కానీ ఆమెకూ ఒక కప్పు ఉంది. అది పటం మధ్యలో, ఏ తీరానికీ అందని ఎత్తైన మంచు మైదానం మీద ఉండేది. ఆమె రెండుసార్లు దక్షిణానికి వెళ్ళివచ్చింది గానీ రెండుసార్లూ తీరం దాటి లోపలికి పోయింది లేదు. అన్నిటికన్నా పాత మంచు లోపలే ఉంది. అక్కడ నిలబడి తవ్వాలని ఆమెకు పన్నెండేళ్ళుగా ఒకటే ఆశ.

"అక్కడ ఏముందమ్మా? రాయి లేదు, పక్షి లేదు, నీళ్ళు లేవు," అని అడిగేవాడు సముద్రాయన.

"ఏమీ లేదండీ. అందుకే," అనేది ఆమె.

చివరికి అందరూ చూద్దాంగారి వైపు తిరిగేవారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పటాన్ని కాసేపు జాలిగా చూసి, "చూద్దాం," అనేవాడు. సమావేశం ముగిసేది.

ఇంతలో మంత్రిత్వశాఖ నుంచి పిలుపొచ్చింది. నెలాఖరులోగా ప్రణాళిక చేతికందితే సరే, లేకపోతే ఈ విడతకు ధ్రువాల సంగతి మరిచిపోవచ్చునని అక్కడి అధికారి ఎంతో మర్యాదగా చెప్పాడు. మంచుగడ్డమ్మ ఆ మాటను సంఘానికి చెప్పింది. ముగ్గురూ ఒక్క క్షణం కంగారుపడ్డారు. తర్వాత, ఆలస్యానికి కారణం మీరంటే మీరని కొత్త పేచీ మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, సంచి కుర్చీలో పడేసి, వంటగదిలో అత్తగారి ఎదుట కూలబడింది. అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పక్క గదిలో లెక్కల మాస్టారైన భర్త కూతురికి భిన్నాలు చెబుతున్నాడు. చిన్నది ఏడుపు గొంతుతో ఏదో అంటోంది.

"ఏమిటి, ఇవాళ కూడా కప్పులాటేనా?" అంది అత్తగారు.

"ఇవాళ పక్షులావిడ తన కప్పుకి చుట్టూ దారం కట్టింది అత్తయ్యా, ఇది నా సరిహద్దు అని. ముగ్గురూ చదువుకున్నవాళ్ళు. విడివిడిగా చూస్తే ముగ్గురూ మంచివాళ్ళే. ఒక గదిలో పెడితే పిల్లీ ఎలుకా చందం."

అత్తగారు చేతిలో కాయను విరిచి, కోడలి ముఖం చూసింది. "మేం ఐదుగురు తోడికోడళ్ళం, నీకు తెలుసుగా. ఒకటే పొయ్యి. పొద్దున లేస్తే పొయ్యి ముందు ఎవరిది అని యుద్ధం. ఒకరు గిన్నె పెడితే ఇంకొకరు దించేవాళ్ళు. అటు మగవాళ్ళకి వేళకి తిండి లేదు, ఇటు పిల్లలకి లేదు. మా అత్తగారు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకుంది."

"మరి ఎలా తీరింది?"

"నేను మూడోదాన్ని. పెద్దదాని మాట చెల్లదు, చిన్నదాని మాట చెల్లదు, నడిమిదాన్ని నన్నెవరూ పట్టించుకోరు. ఒకరోజు పనిమనిషి చెవిలో ఊదాను. మావగారు వంటమనిషిని పెడుతున్నారట, ఇకమీదట వంటింటి తాళాలు ఆవిడ చేతికేనట, ఎవరికీ చెప్పకు అని. అంతే. మర్నాడు పొద్దున ఐదుగురమూ ఒక వరసలో కూర్చున్నాం. ఒకతె కోస్తే ఒకతె కడుగుతోంది. వేళకి ముందే వంటయింది. 'వదినా, నువ్వు ముందు,' 'కాదమ్మా, నువ్వే ముందు,' అని ఒకటే మర్యాదలు."

మంచుగడ్డమ్మ ఒక చిక్కుడుకాయ తీసుకుని నెమ్మదిగా ఈనె లాగింది. అత్తగారు మాత్రం ఆ కరగని ముఖాన్ని చూసి, కళ్ళతోనే నవ్వుకుంది.

సంస్థ కింది అంతస్తులో స్టోర్సు గది ఉంది. గోడ పొడవునా నారింజరంగు కోట్లు, బొచ్చు బూట్లు, చేతి తొడుగులు అరల్లో పేర్చి ఉంటాయి. గదంతా కలరా ఉండల వాసన. ఆ గదికి అధిపతిని అందరూ దండోరా అనేవారు. మనిషి మంచివాడు, సాయానికి ముందుంటాడు, అరలోంచి ఒక్క తొడుగు కూడా పోనివ్వడు. ఆయన దగ్గర నిలవనిది మాట ఒక్కటే.

మర్నాడు మంచుగడ్డమ్మ పాత తొడుగులు అప్పజెప్పే వంకతో అక్కడికి దిగింది. తొడుగులు బల్ల మీద పెట్టి, నిట్టూర్చి, "ఎన్నాళ్ళుంటాయో ఇవన్నీ," అంది అరల వైపు చూస్తూ.

"ఏమ్మా, అలా అన్నారు?"

"ఏం లేదులెండి. మీకు చెప్పకూడదు."

"చెప్పకూడనిదైతే చెప్పకండి," అని దండోరా ఆమెకు స్టూలు జరిపి, తనూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవరికీ చెప్పకండి మరి. మనం ఎలాగూ తేల్చలేకపోతున్నామని, ధ్రువాల పని మొత్తం ఉపగ్రహాల సంస్థ వాళ్ళకి అప్పగిస్తారట. మనుషులు అంత దూరం వెళ్ళడమెందుకు, పైనుంచే చూసేస్తాం అంటున్నారట వాళ్ళు."

దండోరా ముఖంలో రంగు మారింది. "ఈ కోట్లన్నీ?" అన్నాడు.

"ఉపగ్రహాలకి కోట్లెందుకండీ," అంది ఆమె విచారంగా.

ఆమె మెట్లెక్కి తన గదికి చేరేలోపే మాట ఆమెను దాటిపోయింది. భోజనాల వేళకు అది మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది, బాగా ఒళ్ళు చేసి. ఉపగ్రహాల వాళ్ళు ఇప్పటికే వచ్చి భవనం కొలుచుకుపోయారట. మంచు కడ్డీలు దాచే చల్లగదిని ఖాళీ చేయించి కంప్యూటర్లు పెడతారట. పక్షులావిడను బడిపిల్లలకు పాఠాలు చెప్పడానికి పంపిస్తారట. రాళ్ళాయనను ఏం చెయ్యాలో వాళ్ళకే తోచడం లేదట.

సముద్రాయన వరండాలో ఆమెను పక్కకు పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "మీకింకా తెలిసినట్టు లేదు. ఎవరితో అనకండి," అని మొదలుపెట్టి, ఆమె మాటను ఆమెకే వడ్డీతో సహా అప్పజెప్పాడు.

"అయ్యో, నిజమా?" అంది మంచుగడ్డమ్మ.

"నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా."

ఆ మధ్యాహ్నం పిలవకుండానే సంఘం సమావేశమైంది. సముద్రాయనా రాళ్ళాయనా మొదటిసారి బల్లకు ఒకే వైపు కూర్చున్నారు. పక్షులావిడ తన కప్పుకు కట్టిన దారాన్ని తనే విప్పేసింది. సమావేశాల చివర మాట్లాడే చూద్దాంగారు ఆవేళ ముందు మాట్లాడాడు.

"పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని, మన పేచీ వాళ్ళకి పండగైంది. ఇక చూసేదేం లేదు. తలుపు వేయండి. ప్రణాళిక రాసి లేద్దాం," అన్నాడు.

ఐదు నెలల్లో జరగనిది నాలుగు పూటల్లో జరిగింది. పటం మీద లోతైన చిన్న అఖాతం ఒకటి ఉంది. దాని ఒడ్డున గట్టి రాతి భుజం. ఆ రాతి వెనక గుట్ట, గుట్టకు ఆవల పెంగ్విన్ల కాలనీ. ఓడ ఆగుతుంది, పునాది నిలుస్తుంది, గుట్ట అడ్డం ఉంది కనుక పక్షులకు మనిషి బెడద లేదు. అక్కడినుంచి బళ్ళ మీద లోపలికి వెళ్ళి, మంచు మైదానంలో ఎండాకాలం మటుకు శిబిరం వేసుకోవచ్చు. ఆ చోటు పటంలో మొదటినుంచీ ఉన్నదే. దాని మీద ఎవరూ కప్పు పెట్టలేదు, అంతే.

"పక్షులావిడ సామాను ముందు ఎక్కించండి. అవి గుడ్లు పెట్టే కాలం మనకోసం ఆగదు," అన్నాడు సముద్రాయన.

"లేదండీ, ముందు మీ తీగలూ గిలకలూ. నావి ఎంత, నాలుగు పెట్టెలు," అంది పక్షులావిడ.

ఈ మర్యాదలు చూస్తుంటే మంచుగడ్డమ్మకు లోలోపల నవ్వు పొంగింది. ముఖం మాత్రం నిశ్చలంగా ఉంచి, చెప్పినదంతా రాసుకుంది. తన మంచు శిబిరం కూడా ప్రణాళికలో చేరినప్పుడు ఒక్కసారి కలం ఆగింది. కాస్త తప్పు చేశానేమో అనిపించింది. చేస్తే చేశాను, ఎవరికి నష్టం అనుకుని ముందుకు సాగింది.

నష్టం మంగళవారం పొద్దున వచ్చింది. చూద్దాంగారు ఆమెను గదిలోకి పిలిచి, కూర్చోమనడం కూడా మరిచిపోయి, "ఇప్పుడే మంత్రిత్వశాఖ నుంచి ఫోనమ్మా," అన్నాడు. "మనవాళ్ళు చెప్పుకుంటున్నదంతా నిజమే. ఉపగ్రహాల సంస్థ వాళ్ళు ధ్రువాల పని తమకిమ్మని నిన్ననే అడిగారట. శుక్రవారం ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తేలుస్తారట."

"నిజంగానే అడిగారా?" అంది ఆమె. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"అదేమిటి, మీరూ విన్నారుగా. నేనే ఆ మాట నమ్మలేదు, పైకి చెప్పలేదు గానీ. ఏమైనా పుకారు పుకారేనని ఓ మూల ఆశ ఉండేది."

ఆ రోజు ఆమె పెందలాడే ఇల్లు చేరింది. అత్తగారు బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తోంది. కోడలు ఒక దుప్పటి కొస పట్టుకుని, మడత పెట్టడానికి సాయం చేస్తూ జరిగింది చెప్పింది.

అత్తగారు దుప్పటి మడత సరిచేస్తూ, "ఆఁ, అలా అవుతుంది," అంది.

"అలా అవుతుందంటే?"

"మాకూ అంతే అయింది. వంటమనిషి మాట ఆ నోటా ఈ నోటా పడి మా మావగారి చెవిన పడింది. ఆయన, 'ఎవరికి తట్టిందో గానీ ఆలోచన బాగుందే,' అని నిజంగానే వంటమనిషిని తెచ్చిపెట్టాడు."

మంచుగడ్డమ్మ దుప్పటి వదిలేసింది. "అత్తయ్యా, ఈ ముక్క అప్పుడే చెప్పొద్దూ?"

"ఎలా తీరిందని అడిగావు, చెప్పాను. తర్వాతేమైందని అడిగావా?"

"ఇప్పుడు అడుగుతున్నా. తర్వాతేమైంది?"

"ఏముంది. మొదటి రోజు ఐదుగురమూ ఆవిణ్ణి రాచి రంపాన పెట్టాం. రెండో రోజు నేను వెళ్ళి ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని అడిగితే తెలిసింది, ఆవిడకి వంట చెయ్యడమంటేనే విసుగని. పదిమందితో కబుర్లు చెప్పుకుంటూ నలుగురి మధ్య ఉండాలని వచ్చిందట. వంట మేం చేసుకున్నాం, కబుర్లు ఆవిడ చెప్పింది. ఎవరికి ఏం కావాలో వాళ్ళని అడక్కుండా ఎలా తెలుస్తుందే."

మర్నాడు మంచుగడ్డమ్మ ఎవరితోనూ చెప్పకుండా ఉపగ్రహాల సంస్థకు వెళ్ళింది. అక్కడి డైరెక్టరమ్మకు యాభై ఎనిమిది ఉంటాయి. పొట్టి జుట్టు, చురుకైన కళ్ళు. ఆమె గది గోడలన్నీ పైనుంచి తీసిన బొమ్మలే. ఒక గోడంతా తెలుపు. అది దక్షిణ ఖండం.

"రండి. దెబ్బలాడడానికి శుక్రవారం రమ్మన్నారనుకున్నానే," అంది డైరెక్టరమ్మ.

"దెబ్బలాడడానికి రాలేదండీ. ఒక్కటి అడుగుదామని వచ్చాను. ఈ పని కావాలని మీకెందుకు అనిపించింది?"

"మాకనిపించడమేమిటి? మీరే వదిలేస్తున్నారనీ, మాకు అప్పగిస్తారనీ మా వాళ్ళొచ్చి చెప్పారు. ఇస్తామంటే వద్దనడం మర్యాద కాదు కదా, అందుకని అడిగాం. ఎవరిస్తామన్నారో మాత్రం ఎంత ఆరా తీసినా తెలియలేదు. మా డ్రైవరు బావమరిది మీ స్టోర్సులో ఉంటాడట. అక్కడిదాకా వెళ్ళి దారి ఆగిపోయింది."

"అక్కడినుంచి ఒక అంతస్తు పైకెక్కితే నా గది," అంది మంచుగడ్డమ్మ. "ఆ పుకారు నాదండీ."

డైరెక్టరమ్మ ఆమె ముఖాన్ని కాసేపు పరీక్షగా చూసింది. "మిమ్మల్ని చూస్తే అలా అనిపించడం లేదే."

"నన్ను చూస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. దాంతోనే వచ్చింది తంటా."

డైరెక్టరమ్మ లేచి తలుపు వేసి వచ్చింది. కుర్చీలో కూర్చుని, ముందు చిన్నగా, తర్వాత ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. కప్పుల సంగతీ, దారం సంగతీ మొదటినుంచీ చెప్పించుకుని మళ్ళీ నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఒక మాట చెప్పనా? ఇచ్చేస్తారేమోనని నాకు నిన్నటినుంచీ నిద్ర లేదు," అంది. "ఆ మంచులో మనుషుల్ని నిలబెట్టి పని చేయించడం మాకేం తెలుసు? మేం ఇక్కణ్ణుంచి మంచు ఎత్తు కొలుస్తాం. ఈ ఏడు ఇంత పెరిగింది, అంత తరిగింది అని చెబుతాం. అది నిజమో కాదో ఎవరు చెప్పాలి? కింద ఒక మనిషి కర్ర పాతి చూసి ఔననాలి. ఆ మనిషి లేడు. ఇరవై ఏళ్ళుగా నేను చెప్పేది నేనే నమ్ముతున్నాను."

"మా లోపలి శిబిరంలో కర్రలు పాతుతాం. మీకెన్ని కావాలంటే అన్ని పాతిస్తాను," అంది మంచుగడ్డమ్మ.

"పాతండి. ఎక్కడ పాతాలో చూపించడానికి మా మనిషి కూడా వస్తుంది."

"తప్పకుండా. ఎవర్ని పంపిస్తారు?"

"నేనే."

మంచుగడ్డమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మొదటి ఏడు శిబిరంలో చోటు చాలా తక్కువండీ. తవ్వే యంత్రం నడిపేవాళ్ళూ, డాక్టరూ, ఆపైన…" ఆపైన ఉన్నది తనే.

"ఆ గోడ చూడండి," అంది డైరెక్టరమ్మ. "పొద్దున వచ్చి కూర్చుంటే అదే నా ఎదుట. ఒక్కసారి దాని మీద నిలబడాలని ఉంటుంది. మీరు ఇంకో ఏడు వెళ్ళగలరు. నాకు ఆ తర్వాతి ఏడు పదవీ విరమణ." తర్వాత బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ, ఎంతో స్నేహంగా, "మీరు చెప్పింది నేను ఎవరికీ చెప్పనులెండి," అంది.

ఆ మాటతో ఎంత పని చేయించవచ్చో మంచుగడ్డమ్మ కన్నా తెలిసినవాళ్ళు లేరు. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడు. బొమ్మలో ఆ తెల్లని మైదానం కేసి ఒకసారి చూసి, ఆమె తల ఊపింది.

శుక్రవారం మంత్రిత్వశాఖలో పొడవాటి బల్లకు ఒక వైపు ధ్రువాల సంఘం, మరో వైపు డైరెక్టరమ్మా ఆమె మనుషులూ కూర్చున్నారు. కొసన అధికారి. మంచుగడ్డమ్మతో చాటుగా అనుకున్న ప్రకారం డైరెక్టరమ్మ కొంతసేపు గట్టిగా అడిగి తర్వాత మెత్తబడాలి. ఆమె అడగడంలో ఏ లోటూ చెయ్యలేదు.

"మనుషులెందుకండీ అంత చలిలో? పైనుంచి అన్నీ కనిపిస్తాయి. పక్షులు కూడా కనిపిస్తాయి, నల్ల చుక్కల్లా. లెక్కపెట్టుకోవడమే," అంది.

పక్షులావిడ నోరు తెరిచేలోపే రాళ్ళాయన అందుకున్నాడు. "చుక్క గుడ్డు మీద కూర్చుందో, గుడ్డు పోయి ఉత్త రాయి మీద కూర్చుందో మీ బొమ్మలో తెలుస్తుందా? గుడ్డు పోయినా తెలియక రాయిని పొదిగే పక్షులుంటాయి. ఈవిడ దగ్గరికెళ్ళి, కడుపు కింద చెయ్యి పెట్టి చూసొస్తుంది."

ఆయన రాళ్ళ గురించి పక్షులావిడ చెప్పింది. "ఒక రాయి ఏమిటో తెలియాలంటే ఈయన దాన్ని పగలగొట్టాలి, భూతద్దంలో చూడాలి, ఒక్కోసారి నాకాలి కూడా. రాళ్ళని నాకే ఉపగ్రహం మీ దగ్గరుందా?"

సముద్రం అడుగున నీళ్ళు ఎటు పోతున్నాయో పైనుంచి చూస్తే ఎందుకు తెలియదో కూడా రాళ్ళాయనే చెప్పాడు, సముద్రాయన వాడే మాటల్లోనే, ఆయన చేతులు తిప్పినట్టే తిప్పుతూ. మంచుగడ్డమ్మ ఆశ్చర్యంగా వింటూ ఉండిపోయింది. ఈ ఐదు నెలలూ ఒకరు చెప్పేది ఒకరు వినడం లేదనుకుంది. అన్నీ విన్నారు. కప్పులు జరుపుకుంటూనే విన్నారు.

"సరే, మరి ఆ లోపలి మైదానం సంగతేమిటి?" అన్నాడు అధికారి. "అక్కడ ఏమీ లేదు కదా."

ఆమె జవాబు చెప్పబోతే చూద్దాంగారు చెయ్యెత్తి ఆపాడు. "అక్కడ గాలి ఉందండీ," అన్నాడు. "మనకి ముందు, మన ముందువాళ్ళకి ముందు వీచిన గాలి. మంచు దాన్ని పట్టుకుని కూర్చుంది. ఈ భూమి ఇంతకు ముందు ఎప్పుడు వేడెక్కింది, ఎందుకు వేడెక్కింది అన్నది ఆ గాలికే తెలుసు. ఈమె తవ్వి తెచ్చిన మంచుముక్కని ఒకసారి గ్లాసు నీళ్ళలో వేసి నా చెవి దగ్గర పెట్టింది. బుడగలు పగులుతూ చిటపటమంటోంది. ఆ చప్పుడు విన్నాక నేను మరి ఏ విషయమూ తొందరపడి తేల్చలేకపోయాను. అంత కాలం ఆగిన గాలి ముందు మన నెలాఖరులెంత అనిపించేది. అది నా తప్పే. కానీ ఆ శిబిరం ఉండాలి."

డైరెక్టరమ్మ తను మెత్తబడవలసిన సమయం వచ్చిందని మరిచిపోయింది. మంచుగడ్డమ్మ బల్ల కింద ఆమె కాలు తొక్కవలసి వచ్చింది.

"మీరంతగా చెబితే కాదనలేను," అంది డైరెక్టరమ్మ తేరుకుని. "పని మీదే. మా కొలతలకి మాత్రం ఆ శిబిరంలో కొంచెం చోటివ్వండి."

"మొదటి ఏడు నా చోటు వాళ్ళకిస్తాను," అంది మంచుగడ్డమ్మ.

సంఘం మొత్తం ఆమె వైపు తిరిగింది. ఆ మైదానం కోసం ఆమె ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తోందో వాళ్ళందరికీ తెలుసు. పక్షులావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. చూద్దాంగారు కళ్ళద్దాలు తీసి, ఈసారి కళ్ళే తుడుచుకున్నాడు. "ఎంత పెద్ద మనసమ్మా మీది," అన్నాడు సముద్రాయన. ఆమె ఆ పొగడ్తలన్నీ ముఖం కదలకుండా స్వీకరించింది.

ఇంట్లో విన్న అత్తగారు మాత్రం, "త్యాగమా? జరిమానా అను," అని తన పని తాను చూసుకుంది.

ప్రణాళిక ఆమోదమైంది. ఎలా సాధ్యమైందని ఎవరైనా అడిగితే సంఘంలో తలా ఒక కథ చెప్పేవారు. ఉపగ్రహాల వాళ్ళ ఎత్తు తనకు ఏడాది ముందే తెలుసునని సముద్రాయన అనేవాడు. దండోరా అయితే అసలు ఆ కుట్ర బయటపెట్టింది తనేనని, ఎలా తెలిసిందో మాత్రం చెప్పలేనని, మాటిచ్చానని అనేవాడు. జీవితంలో ఆయన దాచిన రహస్యం అదొక్కటే.

అక్కడి ఎండాకాలంలో దారి తెరుచుకోగానే ఓడ వెళ్ళింది. స్థావరం స్తంభాలు లేచాయి. జట్టు లోపలికి వెళ్ళి, శిబిరం వేసుకున్న వారానికి, ఒక మధ్యాహ్నం మంచుగడ్డమ్మ గదిలో ఫోను మోగింది.

"నేనే," అంది డైరెక్టరమ్మ గొంతు. వెనక గాలి హోరు. "ఓడలో ఉన్నన్నాళ్ళూ తిన్నది తిన్నట్టు కక్కుకున్నాను. ఇక్కడికొచ్చినప్పటినుంచీ ఒకటే పొగమంచు. చెయ్యి చాపితే నా చెయ్యి నాకే కనబడట్లేదు. మా ఆఫీసు గోడ మీదే నయం, అన్నీ కనిపించేవి. ఏం చూద్దామని వచ్చానో తెలియట్లేదు. మీరు రాకుండా మంచి పని చేశారు."

మంచుగడ్డమ్మకు ఆ మాట వినగానే ఎక్కడో హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది. "కర్రలు పాతారా?" అంది.

"పాతాం. మొదటి కర్ర దగ్గరే ఉన్నాను. అదీ సగమే కనిపిస్తోంది. ఆగండి, గాలి మళ్ళింది. పొగమంచు కాస్త విడుతోంది…"

ఆ తర్వాత మాట లేదు. గాలి చప్పుడు కూడా తగ్గింది. లైను పోయిందేమోనని మంచుగడ్డమ్మ రిసీవరును చెవికి అదుముకుంది. లైను పోలేదు. అవతల ఒక మనిషి ఊపిరి వినిపిస్తోంది.

"ఏమండీ, ఏం కనబడుతోంది?" అంది.

మంచుగడ్డమ్మ కుర్చీ అంచుకు జరిగింది.

"ఏం కనబడుతోందో చెప్పండి. అక్కడ వెలుగు ఎలా ఉంది? గీతలు గీతలుగా ఉంటుందంటారు మంచు, గాలి కోసినట్టు. అలాగే ఉందా? అసలు ఎంత దూరం కనిపిస్తోంది?"

"చెప్తాను," అంది డైరెక్టరమ్మ. గొంతు బొంగురుపోయి ఉంది. "కొలుస్తాను కూడా. ఒక్క నిమిషం ఉండండి. ముందు చూడనివ్వండి."

మంచుగడ్డమ్మ రిసీవరు పట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. అసూయతో కడుపు మండిపోతోంది. వచ్చే ఏటి ఓడలో తన సామాను ముందు ఎక్కాలని రాళ్ళాయన అప్పుడే ఆమె తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె ఆయనను ఆగమన్నట్టు చెయ్యెత్తి, అంత దూరంలోని ఆ ఊపిరిని వింటూ కూర్చుంది. గుమ్మంలో ఉన్న రాళ్ళాయన ఆమె ముఖం చూసి, ఏమైందోనని కంగారుపడి, చప్పుడు చెయ్యకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు.